ఒకానొక సలాడ్ పద్యానికి ‘సీసామూత’ అను వ్యాఖ్య

అవతారిక

కొలచల మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ మహాకావ్యాలకు వ్యాఖ్యానాలు రాశాడు. మెదకు సీమలోని కొల్చారం ఆయన ఊరంటారు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్యాత శిరసావహిస్తున్నాడు. రెండో సగం దగ్గర మాత్రం కాస్త వెసులుబాటు కోరుతున్నాడు. నాలుగు పాదాల పద్యానికి నాలుగు పేజీల వ్యాఖ్య రాయవలసి వచ్చినప్పుడు అక్కరలేనివి కొన్ని దొర్లక తప్పదు కదా.

వ్యాఖ్యకు ఎత్తుకున్న మూలం ఒక ఆటవెలది. ఇది తాళపత్రాల్లో దొరికినది కాదు, ఫ్రిజ్జు తలుపు మీద అయస్కాంతపు బిళ్ళ కింద దొరికిన చీటీ. కర్త పేరు లేదు. కాలనిర్ణయం చేద్దామంటే చీటీ వెనకవైపు కరెంటు బిల్లు ఉంది గాని, సరిగ్గా తేదీ ఉండవలసిన చోట నూనె మరక పడింది. పోనీలే, గ్రంథం పఠనంలోనే కాక ప్రయోగంలో కూడా ఉన్నదనడానికి ఆ మరకే ప్రమాణం.

శాస్త్రగ్రంథానికి ముందుగా అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. విషయం: వీగన్ సలాడ్ డ్రెస్సింగ్, అనగా పచ్చి ఆకుల మీదా కూరగాయ ముక్కల మీదా పోసుకునే, జంతుసంబంధం లేశమైనా లేని రసం. ప్రయోజనం: ఆకు గొంతు దిగడం. సంబంధం: రసానికీ ఆకుకీ అంటుకునే సంబంధం. అధికారి: గట్టి మూత ఉన్న గాజుసీసా గలవాడు. వదులు మూత సీసాతో ఈ శాస్త్రంలోకి దిగినవాడు అనధికారి, అతని చొక్కాయే అందుకు సాక్షి.

మన ఇళ్ళలో శాకాహారి అంటే మాంసం, చేప, గుడ్డు ముట్టనివాడు. పాలకూ పెరుగుకూ నేతికీ మాత్రం అతని ఇంటి తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి ఆ తలుపు కూడా మూసి వీగన్ సొసైటీ పెట్టుకున్నారు. నేటి వీగన్లకు తేనె కూడా వర్జ్యమే. ఇన్ని తలుపులు మూశాక వంటింట్లో ఏం మిగిలిందనే శంకకు సమాధానమే ఈ పద్యం.

మూలం

నూనె మూడు పాళ్ళు నొకపాలు నిమ్మయు
నుప్పు ముందు కరిగి యొప్పుచుండ
నావ నడుమ జేర నాకుపై పోయరా
పాలు లేని రుచికి బాట యిదియె

ప్రతిపదార్థం

నూనె = తైలము; మూడు పాళ్ళున్ = మూడు భాగములును; ఒకపాలు = ఒక భాగము; నిమ్మయున్ = నిమ్మరసమును; ఉప్పు = లవణము; ముందు = తక్కినవాటికన్న మొదట; కరిగి = ఆ నిమ్మరసమునందు లీనమై; ఒప్పుచుండన్ = చక్కగా ఉండగా; ఆవ = ఆవపిండి ముద్ద; నడుమన్ = నూనెకును పులుపునకును మధ్య; చేరన్ = ప్రవేశింపగా; ఆకుపైన్ = ఆకుల మీద; పోయరా = ఓయీ, పోయుము; పాలు లేని = క్షీరాదులు లేనట్టి; రుచికిన్ = రుచికి; బాట = త్రోవ; ఇదియె = ఇదే సుమా.

మొదటి పాదంలోని ‘పాలు’ భాగవాచకం, నాలుగో పాదంలోనిది క్షీరవాచకం. రెంటినీ ఒకటిగా గ్రహించిన శిష్యుడెవడైనా ఒకపాలు నిమ్మ అన్నచోట పాలలో నిమ్మకాయ పిండితే గిన్నెలో మిగిలేది పనీరు. అది వేరే శాస్త్రం.

టీక

“నూనె మూడు పాళ్ళు, ఒకపాలు నిమ్మ.” ఈ లెక్క కవి స్వకపోలకల్పితమని తొందరపడి అనుకోరాదు. 1699లో జాన్ ఎవెలిన్ అనే ఆంగ్లేయుడు కేవలం సలాడ్ల మీదనే ‘అసిటేరియా’ అనే పుస్తకం రాశాడు. అందులో ఆలివు నూనె మూడు పాళ్ళనీ, వినెగరో నిమ్మరసమో నారింజరసమో ఒకపాలనీ విధించాడు. అంటే ఈ సూత్రం ఫ్రిజ్జులు పుట్టక ముందు నుంచీ ఉంది. మన కవి దానిని ఫ్రిజ్జు తలుపు మీదికి ఎక్కించాడు, అంతే.

ఇక్కడ పూర్వపక్షం. చింతపండు పులుసుతో పెరిగిన నాలుకకు మూడు పాళ్ళ నూనెలో ఒకపాలు పులుపు ఏ మూలకు? చప్పగా ఉండదా? ఉంటుంది. కనుక వ్యవస్థ చేస్తున్నాం. లెట్యూస్ వంటి మెత్తని, రుచి తక్కువ ఆకులకు మూడు పాళ్ళు నూనె. క్యాబేజీ, క్యారెట్, ముల్లంగి, కీరదోస వంటి గట్టి ముక్కలకు రెండు పాళ్ళు నూనె చాలు. పెద్ద చెంచాతో మూడు నూనె, ఒకటి నిమ్మరసం కలిపితే ఇద్దరు ముగ్గురు తినే గిన్నెడు ఆకుకు సరిపోతుంది. రుచి చూసేటప్పుడు మాత్రం చెంచాతో నాలుక మీద వేసుకోకూడదు. ఉత్త రసం ఎప్పుడూ పుల్లగా, ఉప్పగా తోచి కంగారు పెడుతుంది. ఆకు ముక్క ముంచి నమిలితేనే నిజం తెలుస్తుంది.

ఏ నూనె? ఇక్కడ శాఖాభేదం ఉంది. ఆలివువాదులు ఆలివు తప్ప మరొకటి ముట్టరు. పప్పునూనెవాదులు ఆవకాయకు పనికొచ్చినది ఆకుకు ఎందుకు పనికిరాదని నిలదీస్తారు. న్యాయం రెండోవారి పక్షానే ఎక్కువ. గానుగలో ఆడించిన నువ్వుల నూనెకూ వేరుశనగ నూనెకూ సొంత వాసన ఉంది. ఆ వాసన ఘాటుగా తోస్తే సగం రిఫైండు నూనెతో కలుపుకోవచ్చు. కొబ్బరినూనె మాత్రం ఈ సభకు తగదు. సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే స్వభావం కనుక చల్లని ఆకు తగలగానే మైనమై పళ్ళకు అంటుకుంటుంది. ఆలివు నూనె కూడా ఫ్రిజ్జులో పేరుకుంటుంది గాని, పావుగంట బయట ఉంచితే మళ్ళీ దారికొస్తుంది.

అసలు నూనే వద్దనే నిషేధవాదులు కొందరున్నారు. ఆకు తింటున్నదే సన్నబడడానికైతే నూనె ఎందుకని వారి వాదం. వారికి సమాధానం అమెరికాలోని అయోవా నుంచి వచ్చింది. అక్కడి స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో, కొవ్వు లేని డ్రెస్సింగుతో సలాడ్ తిన్నవారి రక్తంలోకి క్యారెట్లు, ఆకుల్లోని కెరోటినాయిడ్లు దాదాపు చేరనే లేదు. అవి కొవ్వులో కరిగేవి. నూనె లేకుంటే నమిలిన శ్రమ దక్కుతుంది గాని అవి దక్కవు.

“ఉప్పు ముందు కరిగి.” పద్యంలోకెల్లా చిన్న మాట, వంటలోకెల్లా పెద్ద మాట. ఉప్పు నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. నిమ్మరసంలో ముందే వేసి కలిపితే రసమంతా సమంగా పరుచుకుంటుంది. నూనె పోశాక వేస్తే పలుకులు పలుకులుగానే అడుగుకు దిగుతుంది. మొదట వడ్డించుకున్నవారు చప్పిడి తింటారు, చివర వడ్డించుకున్నవారు నీళ్ళ చెంబు అడుగుతారు. మన సంప్రదాయంలో చివర తినేది ఎవరో అందరికీ తెలుసు కనుక, ‘ముందు’ అనే పదంతో కవి వంటావిడ పక్షం వహించాడని కొందరు వ్యాఖ్యాతలు. బెల్లానికీ పంచదారకూ ఇదే నియమం వర్తిస్తుంది.

“ఆవ నడుమ జేర.” పద్యానికి ఆయువుపట్టు ఇక్కడ ఉంది. నూనె, నిమ్మరసం సహజంగా కలవవు. గిలక్కొడితే నూనె చిన్న చిన్న బొట్లుగా చెదిరి కలిసినట్టు నటిస్తుంది, రెండు నిమిషాల్లో బొట్లన్నీ ఏకమై పైకి తేలతాయి. ఆవగింజ పైపొరలో ఒక జిగురు ఉంది. అది నూనె బొట్ల చుట్టూ చేరి వాటిని తొందరగా ఒకటి కానివ్వదు. రసం చిక్కబడి ఆకుకు పట్టుకుంటుంది. మయొనేజులో గుడ్డు పచ్చసొన చేసే పని ఇదే. అక్కడ లెసిథిన్ చేసే మధ్యవర్తిత్వాన్ని ఇక్కడ ఆవ చేస్తున్నది. ఎవెలిన్ తన సలాడ్‌లో ఆవా వేశాడు, ఉడికించిన గుడ్ల పచ్చసొనా వేశాడు. మన కవి ఒక్క ఆవతోనే గట్టెక్కించాడు.

ప్రయోగవిధి: ఆవాలు అప్పటికప్పుడు పొడి కొట్టి, అర చిన్న చెంచా పిండిని చల్లని నీళ్ళతో తడిపి పది నిమిషాలు వదిలెయ్యాలి. ఘాటు గింజలో సిద్ధంగా ఉండదు, పిండి తడిశాక ఒక ఎంజైమ్ పని చేస్తేనే పుడుతుంది. వెంటనే నిమ్మరసం పిండితే ఆ పని మందగిస్తుంది. వేడినీళ్ళు పోస్తే అసలే ఆగిపోతుంది. ఈ రహస్యం మన గోదావరి తీరపు వంటవారికి కొత్త కాదు. పనసపొట్టు కూరకు ఆవ పెట్టేది పొయ్యి మీద నుంచి దించాకనే. వారు ఎంజైము పేరు ఎరుగరు, దాని స్వభావం ఎరుగుదురు.

ఆ తరువాత నూనె పోసి, మూత బిగించి, అర నిమిషం ఆపకుండా గిలక్కొట్టాలి. పోసే ముందు మరొక్కసారి. మిక్సీవాదులు ఇందుకు కూడా మిక్సీ కావాలంటారు. నాలుగు చెంచాల రసం కోసం మిక్సీ జారు కడగడం ఆయాసమే తప్ప శాస్త్రం కాదు.

“ఆకుపై పోయరా.” ఈ ‘రా’ ఎవరిని ఉద్దేశించినది? శిష్యుణ్ణని ఒక పక్షం. జీవితంలో మొదటిసారి వంటింట్లో అడుగుపెట్టిన ఇంటి మగవాణ్ణని రెండో పక్షం. చీటీ అంటించిన ఎత్తును బట్టి రెండో పక్షమే బలంగా కనిపిస్తున్నది. ఆ చీటీ, ఫ్రిజ్జులో చల్లనీళ్ళ సీసా కోసం చెయ్యి చాచినవాడి కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉంది.

పోయడంలో మూడు నియమాలు. మొదటిది, ఆకు తడి ఆరాలి. కడిగిన నీరు ఆకు మీదే ఉంటే నూనె అంటుకోదు, రసం జారి అడుగున మడుగు కడుతుంది. రెండోది, తినే ముందే పోయాలి. నూనె ఆకు మీది మైనపు పొరను దాటి లోపలికి దిగితే ఆకు వాలిపోతుంది. మూడోది, ఆకు మెరవాలి గాని మునగకూడదు. క్యాబేజీ, క్యారెట్లకు మాత్రం రెండో నియమంలో మినహాయింపు ఉంది. అవి కాసేపు నానితేనే మెత్తబడి రుచికొస్తాయి.

తాత్పర్యం

ఓయీ! నిమ్మరసంలో ఉప్పు కరిగించి, నానిన ఆవముద్ద కలిపి, దానికి మూడింతలు నూనె చేర్చి గిలక్కొట్టి, తడి ఆరిన ఆకుల మీద తినబోయే ముందు పోయుము. పాలు, పెరుగు, గుడ్డు లేకనే రుచి పుట్టును అని భావము.

విశేషాంశాలు

పద్యం ఇక్కడితో ముగిసినా వివాదం ముగియదు. పూర్వపక్షం వహించినవారు ఇంటి పెద్దావిడ. “పెరుగు లేని పచ్చడీ, నెయ్యి లేని ముద్దా ఎక్కడి చోద్యమే అమ్మాయ్? దానికి చిక్కదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?” అని ఆక్షేపణ. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పెరుగును తీసేస్తే దానితోపాటు మూడు పనులు పోతాయి: చిక్కదనం, కమ్మదనం, పులుపు. ఈ మూడు పనులూ ఎవరో ఒకరు చెయ్యాలి. వీగన్ వంటలో తప్పిపోయేవారంతా ఇక్కడే తప్పుతారు. పెరుగులాగా తెల్లగా కనిపించేదేమిటని వెతుకుతారు గాని, పెరుగు చేసే పని ఎవరు చేస్తారని వెతకరు.

“అత్తయ్యా, జీడిపప్పు ఉందిగా” అని సిద్ధాంతి సమాధానం. పలాస నుంచి వచ్చిన పప్పైనా, వేటపాలెం పప్పైనా, వేయించని పచ్చిపప్పు అరకప్పు. నాలుగు గంటలు నానబెట్టాలి. తొందరైతే మరిగే నీళ్ళు పోసి అరగంట ఆగాలి. నీళ్ళు వంపేసి, ఒక నిమ్మకాయ రసం, ఉప్పు, చిన్న వెల్లుల్లి రెబ్బ, సుమారు అరకప్పు నీళ్ళు చేర్చి వెన్నలా రుబ్బాలి. ఇక్కడ మిక్సీవాదులకు న్యాయంగా గెలుపు దక్కుతుంది. కొత్తిమీర, మిరియాల పొడి కలిపితే అమెరికావారు మజ్జిగతో చేసుకునే ర్యాంచ్ డ్రెస్సింగుకు ప్రత్యామ్నాయం సిద్ధం. చిక్కదనం, కమ్మదనం జీడిపప్పు తెచ్చింది, పులుపు నిమ్మకాయ తెచ్చింది.

జీడిపప్పు ధర వినగానే మూర్ఛపోయేవారికి పల్లీలున్నాయి. పావుకప్పు వేయించి పొట్టు ఊదేసి, ఒక చెంచా చింతపండు గుజ్జు, అర చెంచా బెల్లం, ఒక ఎండుమిర్చి, ఉప్పు వేసి రుబ్బి, గరిటె జారుగా నీళ్ళు కలిపితే చాలు. ఇది దోసెల్లోకి చేసుకునే పల్లీపచ్చడే కదా అంటారా? ఔను. ఇండోనేషియాలో గాడో-గాడో అనే కూరగాయల వంటకం మీద పోసేది కూడా వేరుశనగ, బెల్లం, చింతపండు, మిర్చి కలిసిన రసమే. వారిలో చాలామంది రొయ్యల ముద్ద కూడా వేస్తారు కనుక అక్కడికి వెళ్ళిన వీగన్ అడిగి తినాలి. మన పల్లీపచ్చడికి ఆ విచారణ అక్కర్లేదు.

నువ్వుల ముద్దది మరో స్వభావం. అరబ్బు దేశాల తహిని అయినా, పొట్టు తీసిన నువ్వులు దోరగా వేయించి ఇంట్లో రుబ్బుకున్నదైనా, మొదటి చెంచా నీళ్ళో నిమ్మరసమో పడగానే జారవలసింది పోయి బిగుసుకుంటుంది. చెడిపోయిందని పారబోసేవారు చాలామంది. అది దాని తీరు. మరికొన్ని నీళ్ళు పోసి కలుపుతూ ఉంటే తెల్లబడి, మెత్తబడి, ధారగా జారుతుంది.

ఇక గుడ్డు. గుడ్డు లేని మయొనేజు అసంభవమని వాదించేవారికి శనగల నీళ్ళు చూపించాలి. కాబూలీ శనగలు ఉడికిన నీరు నురగ కడుతుందని 2014లో ఫ్రాన్సులో జోయెల్ రోసెల్ అనే గాయకుడు లోకానికి చెప్పాడు. మరుసటి ఏడు అమెరికాలో దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టారు. శనగల నుంచి దిగిన మాంసకృత్తులూ పిండిపదార్థాలూ నూనె బొట్లను పట్టి ఉంచుతాయి. ఆ నీరు గుడ్డు తెల్లసొనంత చిక్కబడే దాకా మరిగించి చల్లార్చి, మూడు పెద్ద చెంచాలు తీసుకుని, ఆవముద్ద, నిమ్మరసం, ఉప్పు వేసి, ముప్పావు కప్పు నూనెను సన్నని ధారగా పోస్తూ బ్లెండరు తిప్పితే మయొనేజు కడుతుంది. ధార లావైతే కట్టదు. ఉలవలు ఉడికిన కట్టుతో చారు కాచి పెళ్ళిభోజనాల్లో వడ్డించే జాతికి, శనగల కట్టు పారబొయ్యకూడదని మరొకరు చెప్పవలసి రావడం విధివైపరీత్యం.

తేనె మాట. డ్రెస్సింగులో తేనెకు రెండు పనులు: పులుపును విరచడం, రసానికి కాస్త సాగుదల ఇవ్వడం. బెల్లాన్ని నిమ్మరసంలో కరిగించి వడకడితే మొదటి పని అవుతుంది. గింజ తీసి నానబెట్టిన ఖర్జూరం రుబ్బి వేస్తే రెండు పనులూ అవుతాయి.

చేప మాట. సలాడ్‌లో చేప ఎక్కడిదని ఆశ్చర్యపోవద్దు. సీజర్ కార్డినీ అనే ఇటాలియన్ 1924లో మెక్సికోలోని తిహువానాలో తన హోటల్లో సీజర్ సలాడ్ చేశాడంటారు. అందులో పడే వూస్టర్‌షైర్ సాసులో ఆంచొవీ చేపలుంటాయి. నాలుక వెనక నిలిచిపోయే ఆ లోతైన రుచి చేప పని. అదే పనిని సోయాసాసు నాలుగు చుక్కలో, జపానువారి మిసో అర చెంచానో చేసిపెడతాయి. రెండూ పులిసిన సోయా నుంచి వచ్చినవే. వీటిలో ఉప్పు దండిగా ఉంటుంది కనుక పద్యంలో చెప్పిన ఉప్పు తగ్గించుకోవాలి.

కొనుక్కునేవారికి ఒక హెచ్చరిక. సీసా మీద ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన వీగన్ కాదు. మన దేశపు నిబంధనల్లో ఆ చుక్క పాలనూ తేనెనూ అడ్డగించదు. గుడ్డు లేని మయొనేజు అని రాసి ఉన్న వాటిలో కొన్నింట పాలపొడి ఉంటుంది. దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వీగన్ ఆహారాలకు వేరే నిబంధనలు, వేరే గుర్తు తెచ్చింది. ఆ గుర్తు చూడాలి, లేదంటే వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవాలి.

నిషేధ ప్రకరణం

వెల్లుల్లిని ఉత్త నూనెలో వేసి బయట నిలవ ఉంచరాదు. ఇది రుచికి కాదు, ప్రాణానికి సంబంధించిన నియమం. గాలి చొరని నూనెలో, పులుపు లేనిచోట బాటులిజం కలిగించే సూక్ష్మజీవి పెరిగి విషం చిమ్ముతుంది. వాసనలో, రంగులో తేడా తెలియకపోవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటులో తిన్నవారు ఇలా నూనెలో నిలవ చేసిన వెల్లుల్లి వల్లే పెద్ద సంఖ్యలో జబ్బుపడ్డారు.

“మరి మా ఆవకాయలో వెల్లుల్లి ఏడాదంతా నూనెలోనే ఉంటుందిగా?” అని పెద్దావిడ చివరి అస్త్రం. ఆవకాయలో మామిడికాయ పులుపు ఉంది, దిట్టంగా పట్టించిన ఉప్పు ఉంది. ఆ రెండూ సూక్ష్మజీవిని పెరగనివ్వవు. ఉత్త నూనెలోని వెల్లుల్లికి ఆ రక్షణ లేదు. డ్రెస్సింగులో వెల్లుల్లి వేస్తే ఫ్రిజ్జులోనే ఉంచి మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యాలి. జీడిపప్పు రసానికీ అదే గడువు. వెల్లుల్లి లేని నిమ్మ, నూనె, ఆవల రసం ఫ్రిజ్జులో వారం నిలుస్తుంది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని నిత్యం పారాయణ చేసినంత మాత్రాన ఏ ఫలమూ లేదు, చేసుకు తినాలి. పద్యం మరిచిపోయినా ఫరవాలేదు, దాని న్యాయం ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఏ పదార్థాన్ని తీసేసినా దాని పేరును కాదు, అది చేసే పనిని వెతుక్కోవాలి. కలిపేందుకు ఆవ, చిక్కబరిచేందుకు పప్పు, తీపికి బెల్లం, పులుపుకు నిమ్మ. ఈ నాలుగూ గానుగ నూనే ఉన్న తెలుగు వంటింటికి అంగట్లో డ్రెస్సింగు సీసా కొనవలసిన అవసరం లేదని ఈ వ్యాఖ్యాత తీర్పు.